షాంపేన్ కాక్‌టెయిల్: పుట్టుపూర్వోత్తరాలు, తయారీ విధానం

షాంపేన్ కాక్‌టెయిల్‌కు ముఖ్యంగా కావలసినవి మూడే: ఒక షుగర్ క్యూబ్, రెండు మూడు విదిలింపుల బిట్టర్స్ (మూలికలను మద్యంలో నానబెట్టి తీసిన చేదు సారం), బాగా చల్లబరచిన షాంపేన్. పదార్థాలు ఇంత తక్కువ కాబట్టే వాటిని కలిపే వరుసలోనో, చల్లదనంలోనో ఏమాత్రం అశ్రద్ధ జరిగినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

అమెరికన్ బార్‌టెండర్ జెర్రీ థామస్ 1862లో వెలువరించిన పుస్తకంలో దీని తయారీ ఉంది. ఆ కాలపు అమెరికాలో విస్కీకో, బ్రాందీకో చక్కెర, నీరు, బిట్టర్స్ కలిపి కాక్‌టెయిల్ చేయడం వాడుక. ఇందులో ఆ మద్యం స్థానంలోకి షాంపేన్ వచ్చింది. థామస్ గ్లాసులో పగలగొట్టిన ఐసు వేయమనడమే కాక, వైన్ పోశాక అంతటినీ కుదపమని కూడా రాశాడు. బుడగలతో నిండిన వైన్‌ను కుదిపితే గ్లాసులో కన్నా బల్లమీదే ఎక్కువ మిగులుతుంది కనుక, ఎంత గొప్పవాడు చెప్పినా ఈ ఒక్క సలహాను పక్కన పెట్టవచ్చు.

ఈనాడు ఈ పానీయంలో ఎక్కువగా వాడే అంగోస్టురా బిట్టర్స్ మొదట ఔషధం. దక్షిణ అమెరికా స్వాతంత్ర్య పోరాట నాయకుడు సిమోన్ బొలివార్ సైన్యంలో పనిచేసిన జర్మన్ వైద్యుడు యోహాన్ సీగర్ట్, వెనిజులాలోని అంగోస్టురా పట్టణంలో 1824లో జీర్ణకోశ బాధల కోసం దీన్ని రూపొందించాడు. ఆ పట్టణం నేడు సియుడాడ్ బొలివార్. బిట్టర్స్ తయారీ మాత్రం ట్రినిడాడ్‌కు తరలిపోయింది.

వైన్ విషయంలో లీటరుకు 12 గ్రాములకన్నా తక్కువ చక్కెర ఉండే బ్రూట్ రకాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే తీపిని క్యూబ్ ఎలాగూ సమకూరుస్తుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉంచిన ఖరీదైన సీసాను ఇందుకు తెరవడం దుబారా అనే నా అభిప్రాయం, ఎందుకంటే దాని సూక్ష్మమైన రుచులను బిట్టర్స్ కప్పేస్తాయి. సీసాలోనే రెండోసారి పులియబెట్టే ఫ్రాన్స్‌కు చెందిన క్రెమాన్, స్పెయిన్‌కు చెందిన కావా వంటి వైన్లు కూడా చక్కగా సరిపోతాయి.

సీసాను 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచాలి. సమయం లేకపోతే ఐసు, నీరు సమంగా నింపిన బకెట్‌లో అరగంట ఉంచితే చాలు. ఐసు ముక్కలు ఒక్కటే వేస్తే వాటి మధ్య ఖాళీలు మిగిలి చల్లదనం ఆలస్యంగా అందుతుంది. లోపల సుమారు 6 అట్మాస్ఫియర్ల పీడనం ఉంటుంది కనుక, తెరిచేటప్పుడు సీసాను మనుషుల వైపు కాకుండా వాల్చి, బిరడాను ఒక చేత్తో గట్టిగా అదిమిపట్టి, దాన్ని కాక సీసా అడుగును నెమ్మదిగా తిప్పాలి. పెద్ద చప్పుడు రాకుండా చిన్న నిట్టూర్పులాంటి శబ్దంతో తెరుచుకుంటే పని సరిగ్గా జరిగినట్లే.

షుగర్ క్యూబ్‌ను చిన్న పళ్లెంలో ఉంచి, దానిపై బిట్టర్స్ విదిలించి, పూర్తిగా ఇంకాక చల్లని ఫ్లూట్ గ్లాసు (పొడవాటి, సన్నని గ్లాసు) అడుగున జారవిడవాలి. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ప్రమాణం ప్రకారం దీనిపై 10 మిల్లీలీటర్ల కోన్యాక్ (ఒక రకం ఫ్రెంచ్ బ్రాందీ), ఆపైన 90 మిల్లీలీటర్ల షాంపేన్ పోస్తారు. కోన్యాక్ పానీయానికి కొంత బరువునిస్తుంది గాని, థామస్ తయారీలో అది లేదు, లేకున్నా లోటేమీ ఉండదు. క్యూబ్ గరుకు అంచుల దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా బుడగలుగా విడుదలవుతుంది కాబట్టి, గ్లాసును కొద్దిగా వంచి ముందు కొంచెం పోసి, నురగ దిగాక మిగతాది పోయాలి.

ఆ తర్వాత చెంచాతో కలపకూడదు. క్యూబ్ అడుగున ఉండి మెల్లగా కరుగుతూ బుడగల సన్నని దారాన్ని పైకి పంపుతుంది; పైభాగం తీపి లేకుండా, కాస్త చేదుగా మొదలై, అడుగుకు చేరేకొద్దీ తీయనవుతుంది. చివరగా నిమ్మతొక్క పట్టీని గ్లాసు మీద మెలితిప్పి, అందులోని నూనె పైన చిమ్మేలా చేసి, వెంటనే అందించాలి.