అటక మీది మిషను దించాక: పాతికేళ్ల తర్వాత మళ్లీ జాకెట్లు కుట్టాలంటే

పెళ్లికి ముందు నాలుగు జాకెట్లు కుట్టి చేతిఖర్చులు సంపాదించుకుని, ఆ తర్వాత మానేసినవాళ్లు యాభై దాటాక మళ్లీ మిషను ముందు కూర్చుంటే తొక్కడం వారంలో వచ్చేస్తుంది. కత్తెర మాత్రం అంత తొందరగా మాట వినదు. అందుకే మొదటి నెల ఎవరి బట్టా పుచ్చుకోకండి. చుట్టాలది అసలే వద్దు.

ముందు మిషను సంగతి. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే లోపలి నూనె జిగురై బిగుసుకుపోతుంది. చక్రం బరువుగా తిరగడానికి చాలాసార్లు కారణం ఇదే. నూనె రంధ్రాలన్నిట్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి, దారం, కింది దారం చుట్టే బాబిన్ తీసేసి, బట్టను అదిమిపట్టే ప్రెషర్ ఫుట్ పైకెత్తి పది నిమిషాలు తొక్కండి. దగ్గర్లో పొయ్యి వెలగకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. కారిన నల్ల మడ్డి తుడిచేసి, వెంటనే మిషను నూనె ఒక్కో చుక్క వేయండి. కిరోసిన్‌తోనే వదిలేస్తే ఇనుము ఇనుముకు రాసుకుని అరుగుతుంది. కొబ్బరి నూనె వేసే అలవాటు ఉంటే మానండి, కొన్నాళ్లకు అదే బంకవుతుంది. బాబిన్ కూర్చునే షటిల్ చుట్టూ, బట్టను జరిపే ఇనుప పళ్ల కింద పేరుకున్న పీచు పాత టూత్‌బ్రష్‌తో లాగేయండి. తోలు బెల్టు సాగి జారుతుంటే క్లిప్పు ఊడదీసి అర ఇంచు కోసి మళ్లీ తగిలించండి. మరీ బిగిస్తే మిషను బరువెక్కుతుంది.

డబ్బాలో దాచుకున్న తుప్పు సూదులు పారేయండి. కాటన్‌కీ లైనింగ్‌కీ 14 నంబరు, జార్జెట్, పల్చటి పట్టుకి 11, మందం బట్టకి 16. సూదికి పొడుగునా గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలి. తిరగేసి బిగిస్తే కుట్లు దాటేస్తుంది.

కుట్టు కింద దారం ఉచ్చులుగా వస్తే అందరూ బాబిన్‌నే తిడతారు. తప్పు ఎక్కువగా పై దారానిది. ప్రెషర్ ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించిపట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించి చూడండి. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే తనంతట జారకూడదు, చేతిని చిన్నగా కుదిపితే ఒకటి రెండించులు దిగాలి. అలా దిగిందంటే దాని స్క్రూ ముట్టుకోవద్దు.

గీతల నోట్‌బుక్ కాగితం మీద దారం లేకుండా, గీత తప్పకుండా నడపడం మంచి సాధన. తర్వాత అదే కాగితం మీద గుండ్రాలు. కాగితం సూదిని మొద్దుబారుస్తుంది కాబట్టి బట్ట దగ్గరికొచ్చేటప్పుడు సూది మార్చాలి.

ఇక కత్తెర. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, అర ఇంచు లూజు, ఒకటిన్నర మార్జిన్, మొత్తం 11 ఇంచులు. ఈ లెక్క ఎవరూ మరవరు. మరిచేది చంక. ముందు భాగం చంక, వెనక దానికంటే అర ఇంచు లోపలికి తవ్వాలి. రెండూ ఒకేలా కోస్తే ముందువైపు ముడతలు పడతాయి. టేపును అంచు మీద నిలబెట్టి చంక రౌండు కొలవండి. చంకకు కలిపే చేతి ముక్క రౌండు దానికి సమానంగా ఉండాలి, లేదా అర ఇంచు ఎక్కువ. తక్కువైతే చెయ్యెత్తగానే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. ఆది జాకెట్టు ఇచ్చినా, దాన్ని ఓసారి తొడుక్కుని చెయ్యెత్తి చూపమనండి. అది ఎప్పటిదో ఎవరికి తెలుసు!

కాటన్ లైనింగ్ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. లేదంటే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుని, కుంచించుకోని పై బట్ట బుడగలు బుడగలుగా లేస్తుంది.

ప్యాడ్లు, బోట్ నెక్, వెనక హుక్కులు, పైపింగ్ అప్పట్లో కుట్టనివాళ్లకు దగ్గరి దారి ఆల్టరేషన్ పని. బిగుతైన జాకెట్టు పక్కలు విప్పితే ఏ పొర ఎక్కడ పెట్టారో, ప్యాడ్ ఎలా నిలిచిందో కళ్ల ముందే కనిపిస్తుంది. పైగా డబ్బులిచ్చి మరీ నేర్పిస్తారు.

కళ్లజోడు విషయం చాలామంది ఆలోచించరు. మిషను ముందు మామూలుగా కూర్చుని, కంటి నుంచి సూదికి దూరం టేపుతో కొలిపించుకుని ఆ ఇంచులు కళ్ల డాక్టరుకు చెప్పండి. చదువుకునే అద్దాలు ఆ దూరానికి సరిపోకపోతే మెడ వంగి, సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. నల్ల బట్ట పగలే కుట్టండి. మోకాళ్లు నొప్పులైతే మోటారు పెట్టించుకోవచ్చు. తొక్కుడు అలవాటుతో పెడల్‌ను గట్టిగా అదిమితే మాత్రం వేలు సూది కిందికి పోతుంది, కాబట్టి కాగితం సాధన మళ్లీ మొదటి నుంచి.

చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. నమోదు ఇంకా జరుగుతుంటే, ప్రభుత్వ సేవల దరఖాస్తులు పెట్టే కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవాలి. ఇంటికి ఒకరికే, ప్రభుత్వోద్యోగుల ఇళ్లవారికి ఉండదు. అర్హత ఉంటే శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 వరకు వోచరు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష వరకు అప్పు దొరుకుతాయి. నమోదు నాటికి ఆ పని చేస్తూ ఉండాలి గనుక, మిషను తిరగడం మొదలయ్యాకే వెళ్లండి.

మొదటి పది జాకెట్లకు పక్క కుట్లు పెద్ద కుట్టుతో వదులుగా వేసి, తొడిగి చూపించుకున్నాకే అసలు కుట్టు, హుక్కులు. పెళ్లి జాకెట్టు అడిగితే ఆర్నెల్ల తర్వాత రమ్మనండి.