ఇథియోపియా ఇంటివంట – 3వ పాఠం: అబ్సిట్ కలపడం, ఇంజెరా కాల్చడం, పళ్ళెం పంచుకోవడం

గత పాఠంలో ఇంజెరా అనే పుల్లని పల్చని రొట్టె కోసం, టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని రెండు కప్పులు తీసుకుని మూడు కప్పుల నీటితో కలిపి, మూతపెట్టి వెచ్చని చోట ఉంచాము. రెండు మూడు రోజులకు పిండి అడుగుకు దిగి, పైన పసుపు రంగు పుల్లని నీరు తేరుతుంది. ఇథియోపియాలో దీనిని ఎర్షో అంటారు. పిండి కదలకుండా గిన్నెను వంచి ఆ నీటిని తీసివేయండి. అందులో పావు కప్పు సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచుకుంటే తరువాతి విడత పిండికి తోడుగా పనికివస్తుంది.

ఇప్పుడు వెంటనే పెనం వేడిచేయకండి. ఈ పాఠానికంతటికీ ముఖ్యమైన పని ఇంకా మిగిలి ఉంది. పులిసిన పిండిలోంచి అర కప్పు తీసి, ఒకటిన్నర కప్పుల నీటిలో కలిపి, సన్నని మంట మీద ఉండకట్టకుండా తిప్పుతూ చిక్కని గంజిలా అయ్యేవరకు ఉడికించండి. ఇదే అబ్సిట్. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు టెఫ్‌లో లేదు కనుక పులియడంలో పుట్టిన వాయువును పట్టి ఉంచే బలం పచ్చి పిండికి తక్కువ. ఉడికి జిగురుపట్టిన పిండిపదార్థం ఆ లోటును కొంతవరకు తీర్చి, ఇంజెరాకు మెత్తదనాన్ని, చుట్టినా విరగని సాగుడును ఇస్తుంది. ఎండి పెళుసుబారే ఇంజెరాకు చాలాసార్లు ఈ మెట్టును దాటవేయడమే కారణమని నా అభిప్రాయం. అబ్సిట్ గోరువెచ్చగా చల్లారిన తరువాతనే మిగిలిన పిండిలో కలపండి, ఎందుకంటే మరుగుతున్నది పోస్తే పులియబెట్టే సూక్ష్మజీవులు చనిపోతాయి. గంట, రెండు గంటలలో పిండి పొంగి బుడగలు తేలుతుంది. గరిటెతో ఎత్తితే తెగకుండా పల్చని ధారగా జారాలి, చిక్కగా ఉంటే కొద్దిగా నీరు చేర్చండి.

ఇథియోపియా ఇళ్ళలో ఇంజెరాను మితాద్ అనే వెడల్పైన మట్టి పెనం మీద కాలుస్తారు. మనకు మూత ఉన్న నాన్‌స్టిక్ పెనం చాలు. దోసె పోసే అలవాటున్న చేతికి ఇక్కడ మూడు సంగతులు కొత్తగా ఉంటాయి. నూనె వేయరు, గరిటె అడుగుతో పిండిని రుద్దరు, తిరగవేయరు. పిండిని అంచు నుంచి మొదలుపెట్టి సన్నని ధారగా సుడులు తిప్పుతూ మధ్యకు తెచ్చి, పెనాన్ని కొద్దిగా వంచి ఖాళీలు పూడ్చాలి. ఉపరితలమంతటా చిన్న రంధ్రాలు విచ్చుకుంటాయి. వీటిని అక్కడివారు కళ్ళు అంటారు, ఇంజెరా నాణ్యతను కూడా వీటిని చూసే నిర్ణయిస్తారు. కళ్ళు విచ్చుకోగానే మూతపెట్టి, అంచులు పైకి లేచే వరకు రెండు మూడు నిమిషాలు ఆవిరిమీద ఉడకనివ్వండి. తీసి బట్ట మీద పరచి, పూర్తిగా చల్లారాకే ఒకదానిపై ఒకటి పేర్చండి. వేడిమీద పేర్చితే అంటుకుపోతాయి.

ఇంజెరా కూరలకు తోడుగా తినే రొట్టె మాత్రమే కాదు, దానినే పళ్ళెంగా పరచి కూరలను దాని మీదనే వడ్డిస్తారు. మెసోబ్ అనే అల్లిక బుట్ట చుట్టూ ఇంటివారంతా కూర్చుని, కుడిచేతితో తమ ముందున్న భాగం నుంచే తుంచి, ఆ ముక్కతో కూరను పట్టి తింటారు. వేళ్ళు నాకడం మర్యాద కాదు. ఎంగిలి పట్టింపుతో పెరిగిన మనకు ఒకే పళ్ళెం అనగానే సంకోచం కలుగుతుంది, అందులో తప్పేమీ లేదు. అయితే ఎవరి వైపు వారు తినడం, ఇంజెరా ముక్క చేతికీ కూరకూ మధ్య ఉండడం వంటి నియమాలను గమనిస్తే, అక్కడివారికీ శుభ్రత విషయంలో గట్టి పట్టింపు ఉన్నదని అర్థమవుతుంది. గుర్షా అన్నది మరొక ఆచారం. ఒకరు ముద్దచేసి మరొకరి నోటికి అందించడం ప్రేమకూ గౌరవానికీ గుర్తు, దానిని కాదనడం అవతలివారిని నొప్పిస్తుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎందరో ఇథియోపియా విద్యార్థులు చదువుకున్నారు. అటువంటివారు మీకు పరిచయస్తులైతే మీ తొలి ఇంజెరాను వారితో కలిసి తినండి. కళ్ళు సరిగా విచ్చుకున్నాయో లేదో వారు చూడగానే చెప్పగలరు.

మిగిలిన ఇంజెరాను పారవేయవద్దు. ముక్కలుగా చింపి కారపు పులుసులో కలిపితే ఉదయం తినే ఫిర్‌ఫిర్ అవుతుంది. వచ్చే పాఠంలో మిసిర్ వాట్ వండుతాము. ఎర్ర కందిపప్పుతో (మసూర్ పప్పుతో) చేసే ఈ కూరను ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల ఉపవాసాలలోనూ తింటారు. అందుకు ఒక కప్పు పప్పు, అర కిలో ఉల్లిపాయలు, బెర్బెరే అనే ఇథియోపియా మసాలా కారం సిద్ధం చేసుకోండి.