నాక్ సెన్సర్ కోడ్ వచ్చిందా? సెన్సర్ కొనే ముందు వైరు చూడండి

సమస్య: చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. స్కానర్‌లో పి0325, పి0327 లేదా పి0328 కనిపిస్తోంది.

కారణం: నాక్ సెన్సర్ అంటే ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించిన పీజో స్ఫటికం. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) అదురు తగిలితే చిన్న ఏసీ వోల్టేజీ పుట్టిస్తుంది. దాన్ని చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ తగ్గిస్తుంది, అంటే స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. సిగ్నల్ మీద నమ్మకం పోతే ముందుజాగ్రత్తగా టైమింగ్‌ను తగ్గించే ఉంచుతుంది. బండి నీరసించేది అందుకే.

0327 అంటే సిగ్నల్ మరీ తక్కువ, 0328 అంటే మరీ ఎక్కువ. రెండూ సర్క్యూట్ గురించి చెప్పేవే. సెన్సరే పోయిందని వాటి అర్థం కాదు. పి0326 వస్తే మాత్రం వదులైన బ్రాకెట్, బేరింగ్ చప్పుడు, నిజమైన నాకింగ్ (తక్కువ ఆక్టేన్ పెట్రోలు, పేరుకున్న కార్బన్, ఇంజిన్ వేడెక్కడం) ముందు చూడాలి.

పరిష్కారం: ఇగ్నిషన్ ఆపి కనెక్టర్ ఊడదీయండి. పిన్నులకు చిలుము పట్టిందా, నీరు చేరిందా చూడండి. కొన్ని వి-ఆకారపు ఇంజిన్లలో సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. అక్కడ నీరు నిలవడం, ఎలుకలు వైరు కొరకడం రెండూ మామూలే.

తర్వాత ఈసీయూ వైపు కనెక్టర్ కూడా తీసి, సిగ్నల్ వైరును మల్టీమీటర్‌తో ఒక కొస నుంచి రెండో కొసకు కొలవండి. 1 ఓమ్ లోపే రావాలి. వైరుకూ బాడీ ఎర్త్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌లకన్నా తక్కువ వస్తే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. కొలుస్తున్నంతసేపూ వైరును అటూ ఇటూ ఊపండి, లేకపోతే లోపల విరిగిన తీగ దొరకదు. తెగినచోట మామూలు వైరు అతికితే ఇగ్నిషన్ కాయిల్ రొద అందులోకి దూరి కోడ్ మళ్లీ వస్తుంది. షీల్డ్ వైరే (చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వేసి, షీల్డును కూడా కలపండి.

వైరు బాగుంటేనే సెన్సర్ వంతు. లోపల రెసిస్టర్ లేని రకం మెగా ఓమ్ దాటి చూపిస్తుంది. లోపల తెగిపోయిందనుకుని పారేయకండి. టొయోటా ఫ్లాట్ రకాల్లో (మధ్య రంధ్రంలోంచి బోల్టు దూరే బిళ్ల ఆకారంవి) చాలావాటికి 20 డిగ్రీల దగ్గర 120 నుంచి 280 కిలో ఓమ్‌లు రావాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఓసిల్లోస్కోప్ (వోల్టేజీ అలను తెర మీద చూపే పరికరం) పెట్టి, సెన్సర్ పక్కన బ్లాకు మీద స్పానర్‌తో తట్టండి. సెన్సర్ మీద మాత్రం కొట్టొద్దు. తట్టినప్పుడల్లా అల రాకపోతే సెన్సర్ పోయినట్టే. మల్టీమీటర్‌కు ఈ వేగం అందదు.

కొత్తది బిగించేటప్పుడు బ్లాకు మీద తుప్పు, పెయింటు గీకేయండి. వాషర్ వేయకండి, అదురు సరిగ్గా అందదు. ఫ్లాట్ రకం బోల్టుకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు చాలు; మీ ఇంజిన్ మాన్యువల్ అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ లేకుండా చేతివాటంగా బిగిస్తే, వదులైనా బిగువైనా సిగ్నల్ మారిపోతుంది.

కోడ్ చెరిపి, ఇంజిన్ వేడెక్కాక లోడు మీద నడిపి, లైవ్ డేటాలో టైమింగ్ చూడండి. ఇంతా చేశాక అదే కోడ్ తిరిగొస్తే అప్పుడు ఈసీయూ ఎర్త్‌నూ, ఆఖరున ఈసీయూనూ అనుమానించండి.