సహజ ఎంపిక చూపించడానికి 100 కాగితపు చుక్కలు

సాగదీసి సాగదీసి జిరాఫీ మెడ పొడుగైందన్న పొరపాటు పిల్లల్లో ఓ పట్టాన పోదు. పరిసరాలకు నప్పిన జీవులే ఎక్కువగా బతికి, తమలాంటి సంతానాన్ని పెంచుకోవడమే సహజ ఎంపిక; దాన్ని ఈ ఆటతో చూపించండి. పూల డిజైన్ గుడ్డ పరిచి, పంచింగ్ మెషీన్‌తో కొట్టిన నాలుగు రంగుల చుక్కలు, రంగుకు 25 చొప్పున చల్లండి. పిల్లలే పిట్టలు. ప్రతిసారీ కళ్లు మూసి తెరిచి, ముందు కనబడ్డ ఒక్కదాన్నే తీయాలి. 25 మిగలగానే ఆపి, ఒక్కో చుక్కకు అదే రంగువి మూడు చేర్చండి, మళ్లీ 100. ఇలా మూడు తరాలు. ఏ చుక్కా రంగు మార్చుకోలేదని, రంగుల పాళ్లే మారాయని ప్రతి తరంలో లెక్కపెట్టించండి. సహజ ఎంపికను 1858లో ప్రతిపాదించిన శాస్త్రవేత్తలు డార్విన్, వాలెస్‌ల వ్యాసాల్లోని కీలకం అదే. రంగుకు అయిదారు చుక్కలే వేస్తే మాత్రం ఫలితం కాకతాళీయంగా ఎటైనా పోతుంది.