సెర్చ్ ఇంజిన్ మార్చడం ఎలా? ముందు పాత ప్రశ్నలతో పరీక్ష పెట్టండి

మొన్న మా మిక్సీ జార్ అడుగు నుంచి నీళ్లు కారుతుంటే, ఏం చేయాలా అని ఫోన్‌లో వెతికాను. పైన వరసగా కొత్త మిక్సీల ప్రకటనలు. వాటి కింద ‘టాప్ టెన్ మిక్సీలు’ అంటూ ఒకే మాటను తిప్పి తిప్పి రాసిన పేజీలు. బుష్ అరిగిందని, అది మారిస్తే చాలని చివరికి చెప్పింది మా వీధి రిపేరు షాపు అబ్బాయి.

మీకూ ఇలాంటి విసుగు వస్తుంటే సెర్చ్ ఇంజిన్, అంటే గూగుల్‌లాంటి వెతికే సాధనం, మార్చి చూడండి. పావుగంట పని.

1. వెంటనే ఏదీ మార్చకండి. గత వారం మీరు నిజంగా వెతికినవి ఓ ఐదు హిస్టరీలోంచి తీయండి. వాటిలో ఒకటి తెలుగు లిపిలో, ఒకటి మీ ఊరి సంగతి అయితే మంచిది. వాటినే డక్‌డక్‌గో, బ్రేవ్ సెర్చ్, స్టార్ట్‌పేజ్ అనే వేరే సెర్చ్ ఇంజిన్లలో వేసి చూడండి.

ఈ మూడూ ఒకటి కాదు. 2008లో మొదలైన డక్‌డక్‌గోకి ఫలితాలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్ నుంచే వస్తాయి. 2021లో వచ్చిన బ్రేవ్ సెర్చ్‌కి వెబ్ పేజీల సొంత సూచిక, అంటే వెతకడానికి తయారుచేసుకున్న జాబితా, ఉంది. స్టార్ట్‌పేజ్ మన వివరాలు దాచి, ప్రధానంగా గూగుల్ జవాబులే తెచ్చిస్తుంది. అంటే గూగుల్ ఫలితాలే నచ్చనివాళ్లకు దాంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. నేనైతే బ్రేవ్‌తో మొదలుపెట్టమంటాను. డబ్బు కట్టడానికి సిద్ధమైతే, ప్రకటనలు లేని ‘కాగి’ అనే సెర్చ్ ఇంజిన్ కూడా ఉంది.

2. నచ్చినదాన్ని డిఫాల్ట్ చేయండి, అంటే ఏం వెతికినా దానంతట అదే వాడుకునేలా పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సెర్చ్ ఇంజిన్. మీకు కావాల్సింది జాబితాలో లేకపోతే, ఆ సైట్‌కి వెళ్లి ఏదో ఒకటి వెతికి, మళ్లీ వచ్చి చూడండి. మామూలుగా కింద కనిపిస్తుంది. హోమ్ స్క్రీన్ మీది గూగుల్ పెట్టె మాత్రం దీంతో మారదు. నాకు తెలియక అలవాటుగా అందులోనే టైప్ చేస్తూ, ఏం మారలేదేంటా అనుకున్నాను!

డిఫాల్ట్ అంటే చిన్న విషయమా? ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ చోటు కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది.

3. పాతదాన్ని పూర్తిగా వదిలేయకండి. తెలుగు లిపిలో వెతికినా, ఊళ్లో షాపుల టైమింగ్స్ కావాలన్నా నాకు కొత్తవాటిలో తరచూ సరిగా దొరకడం లేదు. అందుకో చిట్కా: డక్‌డక్‌గోలోనైనా బ్రేవ్‌లోనైనా ప్రశ్న ముందు ఆశ్చర్యార్థకం, దాన్ని ఆనుకుని ఇంగ్లిష్ ‘జి’ అక్షరం (!g) పెట్టి, ఖాళీ వదిలి ప్రశ్న రాయండి. నేరుగా గూగుల్‌కే తీసుకెళ్తుంది. ‘జి’ బదులు ‘డబ్ల్యూ’ పెడితే వికీపీడియాకి.

4. మారడం ఇష్టం లేదా? గూగుల్‌లోనే వెతికాక పైన వరసలో, లేదా ‘మోర్’ కింద, ‘వెబ్’ అని ఉంటుంది. 2024లో వచ్చింది. అది నొక్కితే ఏఐ సారాంశం, వీడియోల గుంపు పోయి లింకులు మిగులుతాయి.

ఎందులో వెతికినా సరే, బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ మాత్రం అక్కడి నుంచి తీసుకోకండి. మోసగాళ్లు తమ నంబర్లు పెట్టి కూర్చుంటారు. మీ డెబిట్ కార్డు వెనక అసలు నంబర్ ఉంటుంది.