ఆట దుకాణపు బొమ్మ – మూడవ పాఠం: 120 పిక్సెళ్ల వెడల్పులో ఒక పంటు

గత రెండు పాఠాలలో మన అభ్యాసపు ఆటను ఒక్క వాక్యంలోకి తెచ్చుకున్నాము: ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు ఒకదాని తరువాత ఒకటి వెలువడుతుండగా, లంక గ్రామాల (నది మధ్య దీవుల మీది ఊళ్ల) మనుషులనూ పశువులనూ సామానునూ పంటు మీద, అంటే రేవు దాటించే వెడల్పాటి చదును పడవ మీద, ఎక్కించి గట్టుకు చేర్చడం. ఆట పేరు కూడా ‘పంటు’ అనే ఉంచుకున్నాము. ఈ పాఠంలో ఆ ఆటకు, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కనిపించే బొమ్మను, అంటే ఆటల తయారీదారులు క్యాప్సూల్ అని పిలిచే థంబ్‌నెయిల్‌ను, గీయడం మొదలుపెడదాము.

స్టీమ్ ఒక్క బొమ్మతో సరిపెట్టుకోదు. ఆట పేజీ పైభాగానికి 920×430 పిక్సెళ్లది, జాబితాలకు 462×174 ది, దుకాణం ముఖద్వారంలో పెద్దగా చూపడానికి 1232×706 ది, నిలువుగా 748×896 ది, కొన్నవారి లైబ్రరీ కోసం 600×900 ది విడివిడిగా ఇవ్వాలి. వీటిలో జాబితాల కోసం ఇచ్చే చిన్న క్యాప్సూల్‌ను స్టీమ్ తనంతట తానే ఇంకా కుదించి కొన్నిచోట్ల 120×45 పిక్సెళ్లలో చూపిస్తుంది. మన పని అక్కడి నుంచే మొదలు కావాలన్నది నా అభిప్రాయం. కొత్తవారు సాధారణంగా అన్నిటికన్నా పెద్ద బొమ్మను వారాల తరబడి శ్రద్ధగా గీసి, చివరి రోజున దానిని కుదించి మిగిలిన కొలతలన్నిటికీ అంటిస్తారు. అప్పుడు కొబ్బరి మట్టలూ కొంగలూ అలల మీది మెరుపులూ అన్నీ కలిసి ఒక మురికి మరకగా మిగులుతాయి. 462 నుంచి 120 కి వచ్చేసరికి బొమ్మ దాదాపు నాలుగో వంతవుతుంది కాబట్టి, నాలుగు పిక్సెళ్ల మందం ఉన్న గీత అక్కడ ఒక్క పిక్సెల్‌గా మారుతుంది, అంతకన్నా సన్నని గీత ఉన్నా లేనట్టే.

అంత చిన్న చోట బొమ్మకన్నా పేరు ముఖ్యం. చిన్న క్యాప్సూల్‌ను దాదాపు అంతా పేరే ఆక్రమించాలని స్టీమ్ వారి సూచన కూడా. రావులపాలెం బస్టాండులో దూరంగా వస్తున్న బస్సును మనం రంగును బట్టి కాక బోర్డును బట్టే పోల్చుకుంటాము. ఇక్కడా చూసేవారికి దొరికేది అంతే సమయం. తెలుగు అక్షరాలతో పేరు రాసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మన లిపిలో తలకట్లు, గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కనుక 45 పిక్సెళ్ల ఎత్తులో అక్షరపు అసలు దేహానికి మిగిలేది సుమారు సగమే. పకూ ఫకూ మధ్య, దకూ ధకూ మధ్య ఉన్న తేడా ఒక చిన్న గీత మాత్రమే, అది కుదింపులో మొదటే పోతుంది. అందువల్ల వత్తులు లేని, రెండు మూడు అక్షరాలలో ముగిసే పేరు దొరికితే సగం పని అయినట్టే. పేరు పొడుగైనదైతే రెండు వరుసలుగా విరిచే ఆలోచనను చిన్న క్యాప్సూల్ వరకు మానుకొని, ఉపశీర్షికను అక్కడ నిర్మొహమాటంగా తీసివేయండి.

అక్షరాలను మొదటి నుంచి చేత్తో గీయగలిగితే మంచిది. అది రానివారు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ‘రామభద్ర’ వంటి బలమైన ఫాంటుతో మొదలుపెట్టి, అక్షరాల లోపలి ఖాళీలను కొంచెం పెద్దవి చేసి, తలకట్టుకూ దేహానికీ మధ్య సందును వెడల్పు చేసుకోవచ్చు. తెలుగు చదవని కొనుగోలుదారుల కోసం ఇంగ్లిష్ అక్షరాలతో మరొక లోగో తప్పదు. దానిని తరువాత అతికించిన చీటీలా కాకుండా అదే మందంతో, అదే వంపులతో ఇప్పుడే గీసి పెట్టుకోండి.

ఇక బొమ్మలోని వస్తువు. కోటిపల్లి రేవులో గానీ, నరసాపురం–సఖినేటిపల్లి మధ్య గానీ పంటు ఎక్కినవారికి దాని ఆకారం తెలుసు: పడవలను జతచేసి పైన బల్లలు పరచిన వెడల్పాటి చదును. గట్టు మీద నిలబడి ఫోటో తీస్తే అది నీటి మీద ఒక సన్నని అడ్డగీతగా పడుతుంది, దానికి నీడరూపమంటూ ఏదీ ఉండదు. కాబట్టి రేవు మెట్ల మీద, నీటికి వీలైనంత దగ్గరగా కూర్చుని, కెమెరాను కిందికి దించి చూడండి. అప్పుడు పంటు మీది మనుషులూ మోటారు సైకిళ్లూ కొబ్బరికాయల బస్తాలూ ఆకాశానికి ఎదురుగా లేస్తాయి. ఆ గుంపు నుంచి ఒకటి రెండు ఆకారాలనే ఎంచుకోవాలి. నేనైతే గెడ (పడవను నెట్టే పొడవాటి కర్ర) పట్టుకొని నిలబడిన సరంగునూ (పంటు నడిపేవాడినీ), అతని పక్కన తాడుతో కట్టిన ఒక గేదెనూ ఉంచి, మిగిలినవారందరినీ తీసివేస్తాను. మనిషి, గేదె, వాలుగా గెడ: ఈ మూడు చాలు, ఇది యుద్ధపు ఆట కాదని, జీవాలను ఒడ్డుకు చేర్చే ఆట అని తెలియడానికి. 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలను సూచించే నీటిమట్టపు స్తంభం మన ఆటలో అతి ముఖ్యమైనదే అయినా, క్యాప్సూల్‌లో దానికి చోటు లేదు. ఆ అంకెలను చదవగలిగిన కన్ను ఏదీ ఉండదు.

రంగుల విషయంలో డెల్టావారికి ఒక ప్రమాదం పొంచి ఉన్నది. వరద గోదావరి ఎర్రమట్టి రంగు, కొబ్బరితోటల పచ్చదనం పక్కపక్కన కంటికి ఎంతో వేరుగా కనిపిస్తాయి, కాని బొమ్మను నలుపు తెలుపులలోకి మార్చి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. చిన్న కొలతలో కన్ను ముందుగా పట్టుకునేది రంగులోని తేడాను కాదు, వెలుగులోని తేడాను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లయిన క్రీటాలో గానీ గింప్‌లో గానీ బొమ్మ పైన ఒక కొత్త పొరను (లేయర్‌ను) నలుపుతో నింపి, దాని కలయిక పద్ధతిని (బ్లెండింగ్ మోడ్‌ను) ‘కలర్’కు మార్చితే బొమ్మ అంతా నలుపు తెలుపులలో కనిపిస్తుంది, గీస్తున్నంతసేపు ఆ పొరను తెరుస్తూ మూస్తూ ఉండండి. తోటను బాగా ముదురు చేసి, నీటిని మధ్యస్థంగా ఉంచి, మబ్బుల వెనుక ఆకాశాన్ని లేత పసుపుగా తెరిస్తే సరంగు నల్లని ఆకారం దాని మీద నిలుస్తుంది. రాత్రి వరద దృశ్యం ఎంత అందంగా ఉన్నా వద్దంటాను, ఎందుకంటే స్టీమ్ పేజీ నేపథ్యమే ముదురు నీలం. నీలపు బొమ్మ అంచులు దానిలో కరిగిపోయి, బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

అడ్డంగా కుదిరిన ఈ అమరికను నిలువు కొలతలలోకి కత్తిరించి దింపడం కుదరని పని. 462×174 లో వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లకు పైనే, 600×900 లో ఎత్తే ఒకటిన్నర రెట్లు. అడ్డబొమ్మలో పంటు చదును మనకు సాయపడింది, నిలువుబొమ్మలో అదే అడ్డం వస్తుంది. అక్కడ పంటును ఎదురుగా తిప్పి, వాహనాలు ఎక్కే వాలుబల్ల చూసేవారి వైపు దిగుతున్నట్టు గీసి, గేదెను ముందుకు తెచ్చి, దాని వెనుక నది పైకంటా సాగేలా మళ్లీ అమర్చాలి. పేరును ఆకాశం భాగంలో పెట్టవచ్చు. మనిషి, గేదె, గెడ, లేత ఆకాశం మాత్రం అన్ని కొలతలలోనూ అవే ఉండాలి. ఒకచోట చూసినవారు మరొకచోట గుర్తుపట్టేది వాటితోనే.

నియమాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2022 సెప్టెంబర్ 1 నుంచి స్టీమ్ క్యాప్సూల్ మీద ఆట బొమ్మ, ఆట పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప మరేమీ రాయకూడదు. పత్రికల మార్కులు, బహుమతుల పేర్లు, తగ్గింపు ధరల ప్రకటనలు నిషిద్ధం. ఇది మనవంటి చిన్నవారికి మేలే చేసింది, అతికించుకోవడానికి పతకాలు లేని ఆట కూడా ఇప్పుడు బొమ్మ బలంతోనే పోటీలో నిలుస్తుంది. చిన్న తయారీదారుల ఆటలు దొరికే ఇచ్.ఐఓ అనే సైటులో పెట్టేవారు 630×500 కొలతతో మరొకటి, గూగుల్ ప్లేకు 512×512 చిహ్నం, 1024×500 బొమ్మ సిద్ధం చేసుకోవాలి. చిహ్నంలో పేరు రాయవద్దు, గేదె తల ఒక్కటి చాలు.

గీసినది పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మీ ఇంట్లోవారిని అడిగితే బాగుందనే అంటారు. దాని బదులు స్టీమ్‌లో ఇదే రకం ఆటల జాబితాను స్క్రీన్‌షాట్ తీసి, మధ్యలో ఒక బొమ్మ స్థానంలో మీ బొమ్మను అతికించి, ఆట సంగతి తెలియనివారికి రెండు క్షణాలు చూపి తీసివేయండి. ఏ పేర్లు గుర్తున్నాయో, వాటిలో ఏమి చేస్తారనుకుంటున్నారో అడగండి. మీ పేరు వారి నోట రాకపోతే అక్షరాల దగ్గరకు, పేరు వచ్చి ‘చేపలు పట్టే ఆట’ అంటే వస్తువు దగ్గరకు తిరిగి వెళ్లాలి. ఆట పేజీ తెరిచిన తరువాత, బొమ్మ ఎంతమందికి కనిపించిందో, ఎంతమంది నొక్కారో స్టీమ్‌వర్క్స్ (తయారీదారుల కోసం స్టీమ్ నడిపే సైటు) లెక్కలు చెబుతాయి. అయితే పండుగ అమ్మకాల వారంలోని లెక్కను మామూలు వారంతో పోల్చి కొత్త బొమ్మను మెచ్చుకోకండి.

వచ్చే పాఠానికి చేయవలసిన పని: 120×45 పిక్సెళ్ల చట్రంలోనే, పెద్దదిగా చేయకుండా, నలుపు, తెలుపు, ఒక బూడిద రంగు మాత్రమే వాడి పది ముతక అమరికలు గీయండి. ప్రతిదానిలో పేరు ఉండాలి. వాటిలో మూడింటిని ఎంచి 462×174 కు పెంచి పెట్టుకోండి. వాటికి రంగు వేయడం, అక్షరాల చుట్టూ అంచు కట్టడం నాలుగవ పాఠంలో చూద్దాము.