పూతకు ముందే ఏరెయ్యాలి: రంగు గుర్తులున్న జన్యుమార్పిడి మొక్కలతో జాగ్రత్తలు

జన్యుమార్పిడి మొక్కల్ని మామూలు వాటి నుంచి విడదీసే పని మొగ్గ తొడగకముందే ముగియాలి. పుప్పొడి గాలికో తేనెటీగకో చిక్కాక ఏరినా ఫలితం ఉండదు. ఆకు, కాడ చూసి పోల్చుకోవచ్చన్న ధీమా వద్దు. బీటీ పత్తి మొక్క చూడ్డానికి బీటీ కాని దానిలాగే ఉంటుంది. కంటికి తెలియాలంటే రంగునిచ్చే గుర్తు జన్యువును ప్రయోగశాలలోనే చేర్చి ఉండాలి.

అన్నిటికన్నా ముందు, అదే రకం, అదే వయసు మామూలు మొక్కను పక్కన పెట్టుకోండి. ఆ పోలిక లేకుండా చూసిన రంగును నమ్మకండి.

గుర్తు జన్యువుల్లో ఒకటైన జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) ఉన్న మొక్క నీలి కాంతి పడితే 509 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. చిక్కేమిటంటే, అదే కాంతికి పత్రహరితం ఎర్రగా వెలిగి ఆ పచ్చదనాన్ని కప్పేస్తుంది. అందుకే 500–550 నానోమీటర్ల మధ్య కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్ వాడాలి. ఆకుకన్నా వేరు కొన చూడటం మేలు. ఎండిన, గాయపడిన చోట్లు వాటంతటవే వెలుగుతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. యూవీ దీపమైతే కళ్లద్దాలు తప్పనిసరి.

గస్ మరో గుర్తు జన్యువు, దాని ఎంజైము రంగు ద్రావణంలో నీలం తెస్తుంది. ఈ పరీక్షలో ఆకు ముక్క చచ్చిపోతుంది కాబట్టి చిన్న ముక్కే కోయండి. రంగు ద్రావణంలో 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచి, 70 శాతం ఇథనాల్‌తో పచ్చదనం పోయేదాకా కడిగితే నీలం బయటపడుతుంది. కణజాలంలో అగ్రోబాక్టీరియం (జన్యువును మొక్కలోకి చేర్చడానికి వాడే బ్యాక్టీరియా) మిగిలి ఉంటే అది కూడా నీలం చూపించి మోసం చేస్తుంది. మధ్యలో ఇంట్రాన్ (మొక్క కత్తిరించగల, బ్యాక్టీరియా కత్తిరించలేని జన్యు తునక) ఉన్న గస్ జన్యువు వాడితే ఈ బెడద ఉండదు.

రూబీ అనే మూడో గుర్తుకు పరికరమే అక్కర్లేదు. దాని మూడు ఎంజైములు కలిసి మొక్కలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని బీటాలైన్ అనే ఎర్రటి రంగు పదార్థంగా మారుస్తాయి. అయితే చలికి, భాస్వరం లోపానికి మామూలు మొక్కలూ ఆంథోసయనిన్ అనే మరో రంగు పదార్థంతో ఎర్రబడతాయి. అనుమానమొస్తే ఆకు నలిపి రసంలో వంటసోడా నీటి చుక్క వేయండి: ఆంథోసయనిన్ నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, బీటాలైన్ అంతగా మారదు. బీట్‌రూట్, తోటకూరల్లో బీటాలైన్ సహజంగానే ఉంటుంది, అక్కడ ఈ గుర్తు పనికిరాదు.

రంగు రాని మొక్కను జన్యువు లేనిదిగా వదిలెయ్యడమే అసలు ప్రమాదం. జన్యువు ఉండి కూడా పనిచేయకుండా మూగబోవచ్చు. రంగులేని ప్రతి మొక్కకూ పీసీఆర్ (డీఎన్ఏలో ఆ జన్యువు ఉందో లేదో చూసే పరీక్ష) అయ్యాకే తీర్పు చెప్పండి. అప్పటిదాకా పూగుత్తికి సంచి కట్టే ఉంచండి, ఏరేసిన వాటిని 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్రలో) చంపాకే పారేయండి.